నల్ల నంది బూడిద రంగులో ఎందుకొచ్చింది?

(హనుమకొండలో ఒక ఆదివారం ఉదయం, చిన్న డిజిటల్ కెమెరాలు వాడేవాళ్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, దగ్గులు, చాయ్ విరామం మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న బిడ్డా, ఆ కెమెరా ఒకసారి ఇటివ్వు. మీ బాపుదా? పెళ్లికి ముందు కొన్నాడా? చూడండి, ఇన్నేళ్లు బీరువాలో పట్టుచీరల మధ్య నాఫ్తలీన్ వాసన పీల్చుకుంటూ పడుకుని ఇప్పుడు బయటికొచ్చింది. ఈ గదిలో ఇట్లాంటివి ఇరవై దాకా కనిపిస్తున్నాయి. కాలేజీ పిల్లలు పాత డిజిటల్ కెమెరాలు వెతుక్కుని మరీ వాడుతున్నారంటే మొదట నేను నమ్మలేదు. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చినప్పుడు తిట్టుకున్నవాణ్ని నేను. డిజిటల్ మీదికి ఫోను వచ్చినప్పుడు స్టూడియో షట్టర్ దించేసినవాణ్ని. ఇప్పుడు మీరు మళ్లీ ఈ డబ్బాలు పట్టుకొస్తే నాకు ఎట్లుంటుందో మీరే ఆలోచించండి.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న మాట. 'కార్డు పెడితే తీసుకుంటలేదు' అని వెనక ఎవరో అన్నారు. ఎంత కార్డు? 64 జీబీయా? అదే సంగతి. బాగా పాత కెమెరాలు 2 జీబీ దాటితే చదవవు. ఆ తర్వాతి కాలంవి 32 జీబీ దాకా చదువుతాయి. చిన్న కార్డు తెచ్చుకోండి, కెమెరా మంచిదే. ఇంకోటి, సెట్టింగ్స్‌లోకి పోయి ఫొటో మీద తేదీ పడటం ఆపేయండి. మూలకు నారింజ రంగు అంకెలు ఇప్పుడు ఫ్యాషన్ అంటున్నారు, మీ ఇష్టం. కానీ గడియారం సెట్ చేయకుండా ఆ తేదీ వేస్తే, మీరింకా పుట్టని సంవత్సరంలో మీరే తీసిన ఫొటోలు మిగులుతాయి.

సరే. వేయి స్తంభాల గుడి నందిని ఫొటో తీయనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యీ లేవలేదు. మంచిది. ఆ ఫొటోలో నంది ఏ రంగులో ఉంది?

నలుపా? ఫోన్లో ఉంటే తీసి చూడండి. ఆ అన్న చూస్తున్నాడు... ఏమంటారన్నా? 'బూడిద కలర్ ఉంది సార్.' ఆ, అదీ. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఆ నంది రాయి చేత్తో నిమిరితే నూనె రాసినట్టు జారుతుంది, అంత నున్నగా, అంత నల్లగా చెక్కారు. అంత నల్లటి నందిని కెమెరా తీసుకొచ్చి సిమెంటు బొమ్మలా చూపిస్తుంది. ఎందుకు?

కెమెరాకు నంది తెలియదు. దానికి తెలిసింది ఒకటే, వెలుగు ఎంత వస్తోందని. ప్రపంచంలో ఉన్నవన్నీ కలిపి సగటు తీస్తే ఒక నడిమి బూడిద రంగు వస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లు దానికి నేర్పించారు. మా కాలంలో 18 శాతం గ్రే కార్డు అని ఒక అట్ట ఉండేది, దాని మీద పడ్డ వెలుగులో 18 శాతం తిరిగి పంపేది. ఆ అట్టే కెమెరా దృష్టిలో లోకం. ఫ్రేము నిండా నల్ల నంది ఉంటే, 'అయ్యో, ఇక్కడ చీకటిగా ఉంది' అనుకుని వెలుగు పెంచి ఆ అట్ట రంగుకు తెస్తుంది. అదే కెమెరాను ఏనుమాముల మార్కెట్‌కు పత్తి సీజన్లో తీసుకుపోండి. ఫ్రేము నిండా తెల్ల పత్తి ఉంటే, 'అబ్బో, వెలుగు ఎక్కువైంది' అని తగ్గించేస్తుంది. నల్లదీ బూడిదే, తెల్లదీ బూడిదే. రైతు చూస్తే నా పత్తి ఎప్పుడు తడిసింది అంటాడు.

ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టే తిరుగుతుంది. కెమెరాకు సగటు తప్ప ఇంకేమీ తెలియదు. డయల్ మీద పువ్వు బొమ్మ, చంద్రుడి బొమ్మ, పరుగెత్తే మనిషి బొమ్మ, మెనూలో ఇరవై రకాల ఎఫెక్ట్‌లు ఉంటాయి కదా, వాటిని క్రియేటివ్ ఫీచర్లు అని డబ్బా మీద రాసి అమ్మారు. నా లెక్కలో అవన్నీ 'ఇక్కడ ఉన్నది సగటు కాదురా నాయనా' అని కెమెరాకు చెప్పే దారులు. కొన్ని మంచి దారులు, కొన్ని పనికిరానివి.

అన్నిటికన్నా మంచిది ఎవరూ నొక్కని బటన్. ప్లస్, మైనస్ గుర్తులు పక్కపక్కన ఉంటాయి, చూడండి. కొన్నిట్లో మెనూలో దాగి ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు, ఆ పేరు మర్చిపోయినా నష్టం లేదు. నంది దగ్గర మైనస్ 1 పెట్టండి. పత్తి దగ్గర ప్లస్ 1. నల్లదానికి మైనస్, తెల్లదానికి ప్లస్. చాలామంది తిరగేసి చేస్తారు, నల్లగా ఉంది కదా కాస్త వెలుగు పెంచుదాం అని. ఆ పెంచడం కెమెరా ఎప్పుడో చేసేసింది, దాన్ని మనం వెనక్కి లాగుతున్నాం, అంతే. ఒక్కో మెట్టు మూడో వంతు ఉంటుంది, మూడు నొక్కులకు 1 అవుతుంది. మైనస్ 1 పెట్టి తీస్తే నంది వీపు మీద మెరుపు ఒక గీతలా నిలబడుతుంది, మెడలో గంటల పట్టీ లోతుగా కనిపిస్తుంది. ఆటో మోడ్‌లో తీసినప్పుడు ఆ పట్టీ, మెడ ఒకటే ముద్ద.

అయితే నంది ఫ్రేము నిండా ఉన్నప్పుడే ఈ మాట. దూరం నుంచి, నంది చిన్నగా, వెనక మధ్యాహ్నపు ఆకాశం పెద్దగా ఉంటే లెక్క తలకిందులు. ఎక్కువ చోటు దేనిదో దాని మాటే కెమెరా వింటుంది.

రామప్పలో ఇదే తిప్పలు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కినప్పటి నుంచి పాలంపేటకు కెమెరాలు బారులు తీరుతున్నాయి. అందరూ తలెత్తి చూరు కింద ఉన్న మదనికల్ని తీస్తారు. గుడి ఎర్రటి ఇసుకరాయి, ఆ బొమ్మలు మాత్రం నల్ల రాయి. కింద నిలబడి పైకి చూస్తే వెనక తెల్లటి ఆకాశం. కెమెరా ఆకాశం మాట విని అంతా చీకటి చేస్తుంది, మదనిక ఒక మసి మరక అయిపోతుంది. అక్కడ ప్లస్ 1, ఒక్కోసారి ప్లస్ 2. లేదా మీటరింగ్‌లో, అంటే వెలుగు కొలిచే సెట్టింగులో, స్పాట్ అని ఉంటుంది, అది ఫ్రేము నడిమి చుక్క దగ్గరే కొలుస్తుంది. దాన్ని ఎంచుకుని, ఆ చుక్కను బొమ్మ మీద పెట్టి బటన్ సగం నొక్కి పట్టుకోండి. సగం నొక్కితే వెలుగు, ఫోకస్ రెండూ అక్కడే ఆగిపోతాయి. అట్లనే పట్టుకుని ఫ్రేము జరుపుకుని పూర్తిగా నొక్కండి. ఆకాశం తెల్లగా కాలిపోతుంది, పోనీయండి. మనం పోయింది ఆకాశం కోసం కాదు. ఇంకా మంచి ఉపాయం కావాలంటే పొద్దున్నే పోండి.

ఇప్పుడు రంగు. మిర్చి సీజన్లో మార్కెట్ యార్డు చూశారు కదా? తుమ్ములు ఆపుకోగలిగితే అంత అందమైన చోటు ఇంకోటి లేదు. అక్కడికి పోగానే అందరూ వివిడ్ అనే మోడ్ పెడతారు, రంగులు బాగా రావాలని. ఇంటికొచ్చి చూస్తే మిరపకాయలు ఉండవు, ఎర్ర పెయింటు పోసిన గుట్ట ఉంటుంది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల్ని విడివిడిగా కొలుస్తుంది. మిరప గుట్టలో ఎరుపు ఒక్కటే గ్లాసు నిండి పొర్లిపోతుంది. పొర్లినదాంట్లో ముడతలుండవు, తొడిమలుండవు. వివిడ్ తీసేసి మామూలు రంగుకు రండి, మైనస్ వైపు రెండు నొక్కులు, అంటే మూడింట రెండు వంతులు పెట్టండి. అప్పుడు ఒక్కో కాయ మీద మెరుపు, పక్కన నీడ, కొసన వంకర అన్నీ కనిపిస్తాయి. చపాటా మిర్చి, పొడుగు కాయ పక్కపక్కనే పోసి ఉంటే ఏది ఏదో ఫొటోలో తేడా తెలియాలి కదా.

వెలుగు రంగును దిద్దే వైట్ బ్యాలెన్స్ కూడా ఇట్లాంటి సగటు మనిషే. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దు పొడిచేటప్పుడు అంతా బంగారం రంగులో ఉంటుంది. కెమెరా ఏమనుకుంటుంది? 'పసుపు ఎక్కువైంది, దిద్దుదాం.' దిద్దేసి పది గంటల ఎండలా చేస్తుంది. ఆటో నుంచి మబ్బు బొమ్మకు మార్చండి. మబ్బు పట్టినప్పుడు వెలుగు కాస్త నీలంగా ఉంటుందని ఆ సెట్టింగు కొంచెం పసుపు కలుపుతుంది. మనం ఎండలోనే ఆ పసుపును అరువు తెచ్చుకుంటున్నాం. గుళ్లో నూనె దీపాల దగ్గర అయితే ఎండ బొమ్మ పెట్టండి, దీపం దీపం రంగులోనే ఉంటుంది.

ఇక అసలు ఎఫెక్ట్‌ల సంగతికొద్దాం. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి.

ఒక రంగు ఉంచి మిగతాదంతా నలుపు తెలుపు చేసే ఎఫెక్ట్ ఉంటుంది. కానన్‌లో కలర్ యాక్సెంట్, నికాన్‌లో సెలెక్టివ్ కలర్, సోనీలో పార్షియల్ కలర్ అంటారు. చిన్న కెమెరా కొన్న కొత్తలో నాకు అదంటే పిచ్చి. ఒక సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర తంగేడు పసుపు ఎంచుకుని తీశాను. బతుకమ్మ ఒక్కటే పచ్చగా మెరుస్తోంది, చుట్టూ అంతా పాత సినిమాలా ఉంది. ఆహా అనుకున్నాను. ఆ సంబరంలో మోడ్ మార్చడం మర్చిపోయాను. ఇంటి ముందు ఆడినవి, సద్దులు పంచుకున్నవి, మా అవ్వ మధ్యలో కూర్చుని పాట చెప్తుంటే తీసినవి, అన్నీ అందులోనే తీశాను. తెర చిన్నది, రాత్రి పూట, చత్వారం అద్దాలు పెట్టుకోలేదు. తెల్లారి కంప్యూటర్లో చూస్తే అందరి మొహాలూ బూడిద. అక్కడక్కడా ఒక గాజు, ఒక పూవు మాత్రం పసుపు.

కెమెరా లోపల ఈ ఎఫెక్ట్ వేసి జేపెగ్‌గా దాచేస్తే తీసేసిన రంగు మళ్లీ రాదు. అది కెమెరా పక్కన పెట్టుకున్న రంగు కాదు, పారేసిన రంగు. మా అవ్వకు అదే ఆఖరు బతుకమ్మ. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర మా చెల్లె ఆకుపచ్చ అంటుంది, నేను మెరూన్ అంటాను. ఫొటోలు డెబ్బై ఉన్నాయి, చెప్పడానికి ఒక్కటీ పనికిరాదు.

అందుకని నేను ఎఫెక్ట్‌లు వాడొద్దనడం లేదు. ముందు ఒకటి మామూలుగా తీయండి, తర్వాత ఎఫెక్ట్‌తో తీయండి. మీ కెమెరాలో ఎఫెక్ట్‌తో పాటు అసలుదీ దాచుకునే సదుపాయం ఉంటే అది ఆన్ చేయండి. కొన్నిట్లో తీసిన తర్వాత ప్లేబ్యాక్‌లో ఎఫెక్ట్ వేసుకోవచ్చు, అది కొత్త కాపీగా దాస్తుంది, అదైతే ఏ బాధా లేదు. రా (RAW) ఫార్మాట్, అంటే కెమెరా చూసింది చూసినట్టే దాచే ఫైలు, ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

2013లో కానన్ పవర్‌షాట్ ఎన్ అని చిన్న చతురస్రపు కెమెరా వచ్చింది. అందులో క్రియేటివ్ షాట్ అని ఒక మోడ్. ఒక్కసారి నొక్కితే ఆరు ఫొటోలు వస్తాయి. ఒకటి అసలుది, మిగతా ఐదు కెమెరా తనకు తోచినట్టు కత్తిరించి రంగులు మార్చినవి. తర్వాత ఇంకొన్ని మోడళ్లలో కూడా పెట్టారు. మొదట నేను నవ్వాను, మనం తీయాల్సిన ఫొటో అది తీస్తే ఇక మనమెందుకని. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మనిషి మొహాన్ని సగం కోసి ఫ్రేము మూలకు తోసేయడం నా చేతికి ఎప్పుడూ రాలేదు. పాస్‌పోర్ట్ ఫొటోలు తీసిన చెయ్యి కదా, అందర్నీ మధ్యలో నిలబెడుతుంది. ఆ మోడ్ తీసిన ఐదింటిలో నాలుగు చెత్తగా ఉన్నా, ఐదోది చూసి నేను నేర్చుకున్నాను. అట్లా చూసి నేర్చుకునేందుకైతే వాడండి.

రాత్రి బతుకమ్మ ఆట తీయాలనుకుంటున్నవాళ్లు ఇది బాగా వినండి, ఈ ఒక్కదాని కోసమే మిమ్మల్ని పిలిచాననుకోండి. ఆటోలో తీస్తే ఫ్లాష్ పడుతుంది. ఆ చిన్న ఫ్లాష్ రెండు మూడు మీటర్లు పోతుంది, దగ్గరున్న ఇద్దరు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక ఆడే వందమంది చీకట్లో. ఫ్లాష్ ఆపేస్తే అంతా అలుక్కుపోతుంది. నడిమి దారి ఒకటుంది. డయల్ మీద మనిషి పక్కన నక్షత్రమో చంద్రుడో ఉన్న బొమ్మ, నైట్ పోర్ట్రెయిట్. లేదా ఫ్లాష్ మెనూలో స్లో సింక్రో. ఇందులో ఫ్లాష్ పడుతుంది, కానీ షట్టర్ వెంటనే మూసుకోదు, అర సెకను, ఒక సెకను తెరుచుకునే ఉంటుంది. ఫ్లాష్ దగ్గరున్న మనిషిని ఆపి పట్టుకుంటుంది. తర్వాతి అర సెకను చుట్టూ ఉన్న దీపాలు, జరీ అంచులు, తిరిగే చేతులు గీతలు గీస్తాయి.

దీన్ని పెళ్లిలో కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద వాడి 'కదలొద్దు, కదలొద్దు' అని అరుస్తారు. ఆటలో కదలనీయండి, మీరూ కదలండి. వాళ్లు ఎటు తిరుగుతున్నారో అటే నెమ్మదిగా కెమెరా తిప్పండి. చప్పట్లు కొట్టేందుకు అందరూ లోపలికి వంగుతారు కదా, వంగి లేచే క్షణం ఒకటుంది, అప్పుడు నొక్కండి. పదిలో ఎనిమిది పోతాయి. ఆ మిగిలిన రెండింట్లో ఒక ఆడబిడ్డ మొహం స్పష్టంగా ఉండి, చుట్టూ ఊరంతా తిరుగుతూ ఉంటుంది. ఇంకో చిన్న సంగతి. మామూలుగా ఫ్లాష్ మొదట పడుతుంది, అందుకని రంగుల గీత మనిషి ముందుకు పోయినట్టు వస్తుంది. మీ కెమెరాలో సెకండ్ కర్టెన్ ఉంటే ఫ్లాష్ చివర్లో పడుతుంది, గీత వెనక వస్తుంది. తోక వెనకుంటేనే పక్షి ముందుకు ఎగిరినట్టుంటుంది.

'సార్, వెనక బ్లర్ వస్తలేదు' అని చెల్లె ఒకామె చీటీ పంపింది. రాదమ్మా. మీ కెమెరా లోపల సెన్సర్ ఎంతుంటుందో తెలుసా? చాలా చిన్న కెమెరాల్లో 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు. మీ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. పెళ్లిళ్లలో తిప్పే పెద్ద కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ అంటే 36, 24, దాదాపు ముప్పై రెట్లు పెద్దది. చిన్న సెన్సర్‌కు చిన్న లెన్స్ చాలు. డబ్బా మీద 24 ఎంఎం అని రాసినా లోపల నిజంగా ఉన్నది నాలుగు చిల్లర. అట్లాంటి లెన్స్‌తో మీటరు దూరానికి ఫోకస్ చేస్తే అర మీటరు నుంచి ఆకాశం దాకా అన్నీ స్పష్టంగా ఉంటాయి. మీ తప్పు కాదు, లెక్కే అంత.

దీన్ని లోటు అనుకుంటే జీవితాంతం పోర్ట్రెయిట్ మోడ్‌తో కొట్లాడుతూనే ఉంటారు. తిప్పి చూడండి. పేర్చిన బతుకమ్మ నేల మీద పెట్టి, కెమెరాను నేలకు ఆనించి, అర మీటరు దూరం నుంచి తీయండి. గునుగు కొసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, వెనక ఉన్న గుడి స్తంభాలూ లెక్కపెట్టొచ్చు. పెద్ద కెమెరా వాళ్లు ఇది తీయాలంటే నానా తంటాలు పడాలి. మీకు ఊరికే వస్తుంది. బ్లర్ కావాల్సిందే అంటే పువ్వు బొమ్మ నొక్కి, జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చి, తంగేడు పూవుకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోండి. అంత దగ్గరికి పోతే లెన్స్ నీడ పూవు మీదే పడుతుంది, అందుకని ఎండ పక్క నుంచో వెనక నుంచో వచ్చేలా నిలబడండి. ఫ్లాష్ ఆపేయండి.

మినియేచర్ ఎఫెక్ట్ నాకు ఇష్టం, ఎవరేమన్నా సరే. పైన, కింద మసక చేసి మధ్యలో ఒక పట్టీ మాత్రం స్పష్టంగా ఉంచుతుంది. చాలా దగ్గరి వస్తువును చూసినప్పుడే మన కంటికి అట్లా మసక కనిపిస్తుంది కాబట్టి మెదడు మోసపోతుంది, బొమ్మ అనుకుంటుంది. అయితే ఎత్తు మీద నుంచి తీయాలి. మేడ మీద నుంచి కింద చౌరస్తా, ఆటోలు, గొడుగు కింద అరటిపళ్ల బండి... పిల్లలాడే బొమ్మల దుకాణంలా ఉంటుంది. నేల మీద నిలబడి అదే ఎఫెక్ట్ పెడితే కెమెరా పాడైందా అంటారు.

పనోరమా గురించి ఎక్కువ చెప్పను. వరంగల్ కోటలో కీర్తి తోరణాల దగ్గర అందరూ కెమెరా తిప్పుతారు, అంత తిన్నటి రాతి దూలం అరటి గెలలా వంగి వస్తుంది. వెనక్కి నడిచి ఒకే ఫ్రేములో తీయండి.

చీకట్లో చెయ్యి వణుకుతుందంటున్న పెద్దాయనకు చివరి మాట. వేయి స్తంభాల గుళ్లో స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. పాత సాక్సు ఒకటి తీసుకుని అర కిలో బియ్యం పోసి మూతి కుట్టేయండి. జొన్నలైనా సరే. దాన్ని గోడ మీద పెట్టి, కెమెరాను అందులో గుచ్చినట్టు కూర్చోబెట్టండి, ఎటు వంచితే అటు ఆగుతుంది. ఐఎస్‌ఓ, అంటే వెలుగుకు కెమెరా ఎంత చురుకో చెప్పే అంకె, 100 పెట్టి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి. మనం బటన్ నొక్కిన అదురు ఆ రెండు సెకన్లలో సద్దుమణుగుతుంది. నా సాక్సు ఇదిగో, తొమ్మిదేళ్లది. బియ్యం రెండుసార్లు మార్చాను, పురుగు పట్టి.

ఎంతయింది టైము? తొమ్మిదింబావా? ఎండ ముదిరితే నంది మీద మెరుపు చెదిరిపోతుంది, ఇక లేద్దాం. గుడి ఇక్కడికి నడిచిపోయే దూరమే. ముందు ఆటోలో ఒకటి తీయండి, తర్వాత మైనస్ 1 పెట్టి ఒకటి. బిడ్డా, నీ కెమెరా ఇదిగో, బ్యాటరీ ఒక్క గీతే ఉంది, దారిలో సెల్ఫీలు తీసి దాన్ని అయిపోగొట్టకు.